ఛాయాఖంభం, వీరశిల: పలనాటి రాతి కథనాల పఠనంలో ఒక చిక్కు

మాచర్ల నుంచి నాగార్జునసాగర్‌కు వెళ్ళే దారిలో చంద్రవంక వాగు దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. ఆ చోటి పేరు ఎత్తిపోతల. ఈ పేరుకు స్థానికంగా ఒక వ్యుత్పత్తి ప్రచారంలో ఉంది. యతులు తపస్సు చేసిన తలం కనుక అది 'యతి తపోతలం' అనీ, జనుల నోట నలిగి ఎత్తిపోతల అయిందనీ చెబుతారు. భాషాశాస్త్ర దృష్టితో చూస్తే ఇంత శ్రమ అక్కరలేదు. ఎత్తి పోయడం అనే తెలుగు క్రియ నుంచి ఏర్పడిన మాట అది. నీటిపారుదల శాఖ పరిభాషలో 'ఎత్తిపోతల పథకం' అన్నప్పుడు ఎవరికీ యతులు గుర్తుకు రారు. అయినా ఆ జనవ్యుత్పత్తిని తప్పు అని కొట్టివేసి ఊరుకోవడం విమర్శకు చాలదు. ఆ స్థలానికి ఒక తాపస గతం ఉండాలన్న కోరిక దానిలో ఉంది. పొరుగునే ఉన్న నాగార్జునకొండ లోయలో బౌద్ధ భిక్షువులు శతాబ్దాలు నివసించారు. జలపాతం పక్కన దత్తాత్రేయుడి గుడి, మధుమతీదేవి గుడి ఈనాటికీ ఉన్నాయి. ఈ పరిసరాలన్నీ కలిసి ఒక దేశ్యపదాన్ని సంస్కృత సమాసంగా వినిపించాయి.

ఒక స్థలంలో తాము చూడదలచుకున్న దానిని ముందే నిశ్చయించుకొని, ఆ తరువాత పదాన్నో రాతినో దానికి సాక్ష్యంగా నిలబెట్టడం జనవ్యుత్పత్తికి మాత్రమే పరిమితమైన అలవాటు కాదు. పలనాటి శిల్పాన్ని సాహిత్య పరిశోధన చదివిన తీరులోనూ అది కనిపిస్తుంది. చంద్రవంక ఒడ్డునే మాచర్ల చెన్నకేశవాలయం ఉంది. దానిని బ్రహ్మనాయుడు కట్టించాడని ప్రతీతి. అదే వాగు ఎత్తిపోతల వద్ద దూకి, మరికొంత దూరం సాగి కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమానికి ఎగువన, ఇప్పుడు జలాశయం ఉన్న లోయలో, క్రీ.శ. 3వ, 4వ శతాబ్దాలలో ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. పటం మీద చూస్తే పలనాటి వీరుల ఊరినీ ఇక్ష్వాకుల రాజధానినీ దాదాపు ఒకే నీరు కలుపుతోంది. ఈ భౌగోళిక సామీప్యం ఒక ఊహకు బలమిచ్చింది. విజయపురిలోని ఛాయాస్తంభాలకు కారంపూడి వీరులగుడి వారసురాలనీ, వీరస్మృతి అనే ఒకే సంప్రదాయం పలనాట తెగకుండా సాగిందనీ ఆ ఊహ. వినడానికి ఇది బాగుంటుంది. అయితే ఆ రెండు చోట్లా ఎవరిని గుర్తుపెట్టుకున్నారు, ఎలా గుర్తుపెట్టుకున్నారు అన్న ప్రశ్నలు వేసిన వెంటనే దీనిలో చిక్కులు మొదలవుతాయి.

ఆ చిక్కులకు ముందు, రాతిని సాహిత్య చరిత్ర ఇంతవరకు ఏ పనికి వాడుకున్నదో చూడాలి. అమరావతి శిలాఫలకం మీది 'నాగబు' అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన నాటి నుంచి, తెలుగు పదాల తొలి ఉనికికి ఆధారంగా ప్రాచీన శిలలకు మన వాఙ్మయ చరిత్రలలో స్థానం దొరికింది. అది గొప్ప పరిశీలనే. కానీ దాని వెంట ఒక పరిమితి కూడా స్థిరపడింది. ఫలకం మీది అక్షరాలు భాషాచరిత్ర వాళ్ళకు, బొమ్మలు కళాచరిత్ర వాళ్ళకు అనే పంపకం జరిగిపోయింది. నాగార్జునకొండ ప్రాకృత శాసనాలను ఫోగెల్ 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించినా, లాంగ్‌హర్స్ట్ తన తవ్వకాల నివేదికను 1938లో వెలువరించినా, 1954-60 మధ్య జరిగిన విస్తృతమైన తవ్వకాలలో ఇంకెన్నో కట్టడాలు బయటపడినా, తెలుగు శాఖలలో వాటి వాడకం రాజుల పేర్లు, తేదీలు, స్థలనామాలు దాటి పెద్దగా ముందుకు పోలేదు. బొమ్మ, అక్షరం ఒకే రాతి మీద ఒకే పనికోసం ఉన్నప్పుడు ఆ రెండింటినీ కలిపి ఒక రచనగా చదవవలసి ఉంటుంది. ఛాయాస్తంభం సరిగ్గా అటువంటి రచన.

పలనాటి రాయి గురించి సాహిత్యంలో బలంగా నాటుకున్న అభిప్రాయం మాత్రం శాసనాల నుంచి రాలేదు, చాటువుల నుంచి వచ్చింది. శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న పలనాటి చాటువు తెలియని తెలుగు పాఠకుడు అరుదు. సన్నబియ్యానికీ రాజాస్థానాలకూ అలవాటుపడిన కవి ఈ సీమ జొన్నకూటినీ, నాపరాళ్ళనూ, విషపురుగులనూ ఏకరువు పెట్టి విసుక్కుంటాడు. అందులో చిన్న రాళ్ళూ చిన్న దేవుళ్ళూ పక్కపక్కనే చోటు చేసుకోవడం గమనించదగినది. కవి దృష్టిలో రెండూ ఒక్కలాగే లెక్కకు రానివి. కానీ పలనాట ఆ రెండూ నిజంగానే ఒకటి. కారంపూడిలో దేవుళ్ళు రాళ్ళే, ఆ రాళ్ళు ఒకప్పటి మనుషులు. వెక్కిరింపుగా అన్నా, కవి కంటికి ఆ సీమ మతస్వభావం సరిగానే ఆనింది. ఇక చాటువు ఈసడించిన నాపరాయి సున్నపురాయి జాతిది. శాసనకర్తలూ శిల్పులూ ఏరికోరి వాడినది కూడా ఈ ప్రాంతపు సున్నపురాయినే. లేతాకుపచ్చ ఛాయ కలిసిన తెలుపుతో, ఉలికి సులువుగా లొంగే గుణంతో అది అమరావతి, నాగార్జునకొండ శిల్పాలకు ముఖ్యమైన ద్రవ్యమయింది. పలనాటి వీరచరిత్రను సంప్రదాయం ఈ శ్రీనాథుడికే ఆపాదించడం మరొక విశేషం. చాటువును తన తిండి దొరకని బాటసారి అన్నాడు, మంజరీద్విపదను ఆ తిండే తినే మనుషుల కథ కోసం అల్లారు. రెండూ ఒక్కరివేనా అన్న వివాదం ఇక్కడ అవసరం లేదు. పలనాటిని గురించిన సాధారణ జ్ఞానం మాత్రం ఈ రెండింటి మధ్యనే తిరుగుతోంది: అయితే రాళ్ళసీమ, లేకపోతే పౌరుషాల గడ్డ. ఈ రెండు మాటలలోనూ ఇక్ష్వాకు శిల్పికి చోటు లేదు.

ఇప్పుడు ఛాయాస్తంభం సంగతి. శాసనాలలో దాని పేరు ప్రాకృతంలో 'ఛాయాఖంభ'. ఛాయ అంటే నీడ, ప్రతిబింబం, పోలిక. మరణించిన వ్యక్తి పోలికను నిలిపే స్తంభం అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. 'వీర' శబ్దం ఈ పేరులో లేదు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు, కానీ తరువాతి వాదానికి ఇదే మూలం. వీటిలో యుద్ధాలలో పనిచేసిన సేనానులకూ సైనికులకూ నిలిపినవి ఉన్న మాట నిజమే. వాటితోబాటు రాజుకు, రాణికి, మతాచార్యుడికి, శిల్పకారుల పెద్ద ఒకనికి నిలిపినవి కూడా ఉన్నాయి. ఒక మహారాజూ ఒక ఉలిపనివాడూ ఒకే రకమైన స్మారకానికి అర్హులైన చోటు అది. రుద్రపురుషదత్తుడి 11వ పాలనాసంవత్సరంలో ఎహువల శాంతమూలుడి భార్య వమ్మభట్టకు నిలిపిన స్తంభం, ఒక మహాక్షత్రపుని కూతురు ఈ లోయకు కోడలుగా వచ్చిన సంగతిని మనకు అందించింది. ఆమె ఏ యుద్ధమూ చేయలేదు. స్తంభం నిలవడానికి ఆ అవసరమూ లేకపోయింది.

వంశస్థాపకుడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడి స్తంభం ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. అతని కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలనాసంవత్సరంలో దానిని నిలిపారు. నిలిపింది కొడుకు కాదు. తల్లుల వరుసవారు, అక్కచెల్లెళ్ళు, భార్యలు. శాసనంలో వారి పేర్లు వరుసగా ఉన్నాయి. మహాచైత్యపు ఆయకస్తంభాల శాసనాలు ఇదే రాజును అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధ యాగాలు చేసినవాడుగా, కోట్ల బంగారాన్నీ, లక్షల గోవులనూ నాగళ్ళనూ దానమిచ్చినవాడుగా బిరుదులతో ముంచెత్తుతాయి. ఆ ఆయక శాసనాలలో ప్రధానదాత కూడా స్త్రీయే, అతని చెల్లెలు శాంతిశ్రీ. ప్రశస్తి వాక్యం ఎంత పురుషప్రధానమైనదైనా దానిని రాతికి ఎక్కించిన సంకల్పం, ధనం స్త్రీలవి. బౌద్ధానికి ఇంతటి దానాలు ఇక్ష్వాకుల స్త్రీలు చేశారన్న సంగతి చరిత్రకారులు చెప్పినదే. సాహిత్య దృష్టికి దీనిలో మరో అంశం కనిపిస్తుంది. ఈ శాసనాలలో రాజు కథితుడు, కథకులు స్త్రీలు. పలనాటి కథాసంప్రదాయాన్ని వీరవిద్యావంతుల గానంతో మొదలుపెట్టే మన అలవాటుకు ఇది కొంత అడ్డు తగులుతుంది.

స్తంభాల మీద మాత్రమే కాక నాగార్జునకొండ దూలాల మీద కూడా కథ చెప్పే పద్ధతి గమనించాలి. పొడవాటి దూలాన్ని అరలుగా విభజించి ఒక్కొక్క అరలో ఒక్కొక్క ఘట్టం చెక్కుతారు. రెండు ఘట్టాల మధ్య సన్నని అరలో ఒక స్త్రీపురుష మిథునం నిలబడి ఉంటుంది. వీటిని అలంకారాలుగా, ఘట్టాలను వేరుచేసే విరామచిహ్నాలుగా చూడడం పరిపాటి. కథ ఏదో గుర్తుంచుకొని చూస్తే ఆ మాట అంత తేలికగా ఒప్పుకోలేము. ఇక్కడి శిల్పులకు ఇష్టమైన వస్తువులలో సిద్ధార్థుడి మహాభినిష్క్రమణం ఒకటి, సుందరిని విడవలేక భిక్షువైన నందుడి కథ మరొకటి. రెండూ గృహాన్ని విడిచే కథలే. విడవవలసిన సుఖం కథలో ఒకసారి వచ్చిపోతుంది. అరకూ అరకూ మధ్య నిలబడిన మిథునం మాత్రం చూపరి కన్ను కదిలిన ప్రతిసారీ ఎదురవుతుంది. వైరాగ్యకథ ముందుకు సాగుతుంటే అనురాగం పక్కనుంచి దానికి బదులు చెబుతూనే ఉంటుంది. శిల్పి దీనిని ఉద్దేశించాడా అన్నది తేల్చవలసిన పని లేదు. రాతి మీద ఉన్న అమరిక ఈ పఠనానికి చోటిస్తోంది. అశ్వఘోషుడి సౌందరనందాన్ని పాఠ్యాంశంగా చదివే చోట ఈ శిల్పాలను కూడా పాఠ్యంగా చేర్చకపోవడానికి కారణం కనిపించదు.

విజయపురి నుంచి కారంపూడికి వస్తే స్మృతి స్వరూపమే మారిపోతుంది. పలనాటి యుద్ధం 12వ శతాబ్దపు సంగతి. వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి ప్రకటించింది 1911లో. గాయకుల నోట ఉన్న కథను రోఘెయిర్ సేకరించి, ఆంగ్లానువాదంతో అధ్యయనంగా వెలువరించింది 1982లో. ఈ రెండు ప్రచురణల ముందూ వెనకా నిరాటంకంగా సాగినది మాత్రం కార్తిక అమావాస్యనాడు మొదలయ్యే ఐదురోజుల ఆరాధన. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ రోజులకు పేర్లు. ఏ రోజుకు ఆ రోజు కథలోని ఒక ఘట్టం. దూలం మీది అరలను కన్ను దాటినట్టు ఇక్కడ ఒక ఊరు ఐదు దినాలను దాటుతుంది. ఈ పోలికను ఇంతకు మించి సాగదీయకూడదు. దూలం మీది కథ చూపరి లేకున్నా అక్కడే ఉంటుంది. కారంపూడి కథ మనుషులు వచ్చి ఆయుధాలు ఎత్తి, నాగులేటిలో వాటిని కడిగి, పాడినప్పుడే ఉంటుంది.

వీరులగుడిలోని వీరులకు పోలిక లేదు. వారు లింగాలు. బాలచంద్రుడికి మీసం లేదు, కన్నమదాసుకు కత్తి లేదు. ఉన్నది పేరు, పసుపుకుంకుమలు. వీరవైష్ణవాన్ని ప్రచారం చేశాడని చెప్పే బ్రహ్మనాయుడి అనుచరులు చివరికి లింగరూపాలలో పూజలందుకోవడం మతచరిత్రకారులు తీరికగా చర్చించవలసిన విషయం. విమర్శకు ముఖ్యమైనది ఇది: ఛాయాఖంభం చనిపోయిన మనిషిని అతని పోలికతో, తేదీతో, ఆప్తుల పేర్లతో ఒక నిర్దిష్టస్థానంలో కట్టి ఉంచుతుంది. వీరశిల అతని పోలికను పూర్తిగా తీసివేసి పేరును మాత్రం మిగుల్చుతుంది. తీసివేసిన పోలికను తిరిగి సమకూర్చే బాధ్యత గాయకుడిది. రాతి మీద ముఖం లేదు కనుకనే పాటలో బాలచంద్రుడి అలంకరణకు, మాంచాలతో అతని సంభాషణకు అంత నిడివి వచ్చిందని ఒక ఊహ చేయవచ్చు. బొమ్మ ఉన్న చోట వర్ణన అక్కర తీరిపోతుంది. బొమ్మ లేని చోట అది కావ్యమవుతుంది.

కాలం విషయంలోనూ భేదం ఉంది. ఇక్ష్వాకు శాసనం పాలనా సంవత్సరాన్ని, రుతుపక్షాన్ని, దినాన్ని లెక్కకట్టి చెబుతుంది. మహాచైత్యపు ఆయకస్తంభాల మీద వీరపురుషదత్తుడి 6వ సంవత్సరం, వర్షాకాలపు 6వ పక్షం, 10వ దినం అని ఉంటుంది. ఆ దినం ఒక్కసారే వచ్చింది. కారంపూడి అమావాస్యకు సంవత్సరసంఖ్య లేదు, అది ఏటేటా వస్తుంది. యుద్ధం జరిగిన సంవత్సరాన్ని నిర్ణయించడానికి పండితులు పడిన పాట్లు ఆ ఊరికి పట్టలేదు.

అన్నిటికంటె పెద్ద భేదం స్మరణార్హతలో ఉంది. దీనిలో విజయపురి ఉదారమనీ, కారంపూడి సంకుచితమనీ తీర్పు చెప్పడం తొందరపాటు. కారంపూడి స్మృతి యుద్ధభూమిలో పడినవారి చుట్టూ అల్లుకున్నది. ఆ పరిధిలోకి శిల్పకారుడికి, తల్లిగా మాత్రమే బతికిన స్త్రీకి ప్రవేశం కష్టం. అయితే అదే పరిధిలో మాలకులానికి చెందిన కన్నమదాసు సేనానాయకుడుగా నిలిచాడు. వేర్వేరు కులాలవారు చాపకూట కలిసి తిన్నారు. గుర్తుంచుకోవడానికి యుద్ధం అనే ఒక్క షరతు పెట్టి, కులం షరతును సడలించిన స్మృతి అది. విజయపురి స్మృతికి యుద్ధం షరతు కాదు. అక్కడ స్తంభానికి రాజకుటుంబమో, సేనలో హోదానో, సంఘంలో పెద్దరికమో తోడు ఉన్నాయి. శిల్పకారుడికి నిలిపిన స్తంభం కూడా శిల్పకారుల పెద్దకే నిలిచింది. రెండు చోట్లా సడలింపు ఉంది, రెండు చోట్లా అడ్డుగోడ ఉంది, కానీ ఒకే చోట లేవు. 'తెగని సంప్రదాయం' అన్న మాట ఈ రెండు అడ్డుగోడలనూ ఒక్కసారే కనబడకుండా చేస్తుంది.

అవిచ్ఛిన్నతావాదానికి బలం అసలు లేదని కాదు. మృతుని పేర రాతిని నిలిపే ఆచారం ఈ సీమలో అంత ప్రాచీనమైనది అన్న మాట కొట్టివేయరానిది. తెలుగునేల అంతటా కనిపించే వీరగల్లులు బొమ్మతో కూడిన స్మారకాలే కనుక, ఛాయాఖంభానికి దగ్గరి బంధువులు కారంపూడి లింగాల కంటె అవే అని వాదించవచ్చు. అది సరైన దిశ. కానీ ఇక్ష్వాకుల పతనానికీ పలనాటి యుద్ధానికీ మధ్య దాదాపు ఎనిమిది శతాబ్దాలు ఉన్నాయి. ఆ నడుమ ప్రాకృతం శాసనాల నుంచి తప్పుకొని సంస్కృతం, తెలుగు వచ్చాయి. ఆ మార్పు ఈ లోయలోనూ కనిపిస్తుంది. ఎహువల శాంతమూలుడి 11వ సంవత్సరంలో సేనాని ఎలిశ్రీ కట్టించిన సర్వదేవాలయ శాసనం సంస్కృతంలో ఉంది. స్మారకశిల భాష మారినప్పుడు స్మరించే సమాజం ఎంత మారిందన్న ప్రశ్నకు సమాధానం వెతకకుండా రెండు కొసలనూ ముడివేస్తే మధ్యలోని తాడు ఊహే అవుతుంది. చంద్రవంక మాచర్ల నుంచి కృష్ణ దాకా తెగకుండా పారుతుంది. స్మృతికి ఆ హామీ లేదు.

ఈ చర్చ కేవలం పూర్వచరిత్రకు సంబంధించినది కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. లోయ మునిగింది. కొన్ని కట్టడాలను కొండ మీదికి, కొన్నిటిని కృష్ణ కుడిగట్టున అనుపుకు తరలించి తిరిగి నిర్మించారు. చిన్న స్తంభాలు, ఫలకాలు ద్వీపంలోని ప్రదర్శనశాలకు చేరాయి. ఛాయాఖంభం ఎక్కడ, ఏ దారి పక్కన, ఏ కట్టడానికి ఎదురుగా ఉండేదన్నది దాని అర్థంలో భాగం. ఆ భాగం ఇప్పుడు తవ్వకాల నివేదికలలో మాత్రమే ఉంది. కారంపూడి శిలకు ఈ నష్టం జరగలేదు. దాని అర్థం దానిని తాకే చేతుల మధ్యనే ఉంది. అందువల్ల పలనాటి సాంస్కృతిక గతాన్ని గురించి రాసేవాళ్ళకు సజీవంగా ఉన్న వీరస్మృతి ముందు దొరుకుతుంది. ఊడబెరికి తెచ్చిన స్తంభాన్ని కూడా వెంటనే ఆ కంటితోనే చదివేస్తారు. శాంతమూలుడి అక్కచెల్లెళ్ళు, వమ్మభట్ట, శిల్పకారుల పెద్ద అప్పుడు వీరుల వెనుక నిలబడిన గుంపులో కలిసిపోతారు. పలనాటి అధ్యయనం మగవారి యుద్ధాల అధ్యయనంగానే మిగిలిపోవడానికి వీరచరిత్ర ప్రాబల్యం ఒక కారణమైతే, ఈ పఠనాలవాటు మరొకటి.

శిల్పకారుల పెద్దకు నిలిపిన స్తంభాన్ని ఈ దృష్టితో మరోసారి చూడవచ్చు. స్తూపాల, చైత్యగృహాల, దూలాల మీద ఇతరుల కథలనే చెక్కిన వృత్తి అది. దాతల పేర్లు శాసనాలలో నిండుగా ఉన్నాయి. చెక్కినవాళ్ళ పేర్లు చాలా అరుదు. ఈ ఒక్క రాతి మీద మాత్రం చెక్కే పనిలో పెద్దగా బతికినవాడే వస్తువయ్యాడు. అతని కోసం ఉలి పట్టినది అతని కింద పని నేర్చుకున్నవాళ్ళలోనే ఎవరో అయి ఉంటారు.